నా మోకాలు, కానాగడతల పొడవు

పరిశోధన అనగానే మీకు తెల్ల కోటు, మైక్రోస్కోపు గుర్తొస్తాయేమో. నా వరకూ పరిశోధన అంటే స్కేలు గీతలున్న ఒక చెక్క కొలత బల్ల, ఒక పెన్సిలు, ఎంత రుద్దినా పోని చేపల వాసన. విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధనలు చేసే ఒక సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేశాను. వారానికి రెండు రోజులు జాలరిపేట ఒడ్డుకు వెళ్లడం, ఆ పూట పడిన చేపల పొడవు కొలవడం, పుస్తకంలో రాసి తీసుకురావడం నా పని. తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ ఉద్యోగం వల్ల నాకు దక్కిన హోదా అదొక్కటే.

ఈ మధ్య మా సంస్థలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, "మీ అనుభవం ఒకటి చెప్పండి సార్" అన్నారు. ఏదో ఘనకార్యం చెబుతానని పెన్నులు పట్టుకుని కూర్చున్నారు పాపం. నేను చేసిన తప్పు చెప్పాను. వాళ్లు మర్యాదగా విని, టీ తాగి వెళ్లిపోయారు. నోటితో సరిగ్గా చెప్పలేకపోయానని అనిపించి, ఇప్పుడు రాస్తున్నాను.

మాది వన్‌టౌన్. నాన్న దర్జీ. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు టేపు చూడగానే పొట్ట లోపలికి లాక్కునేవారు, ఛాతీ విరుచుకునేవారు. నాన్న ఏమీ అనేవాడు కాదు. టేపు మెడలో వేసుకుని, పిల్లలెలా చదువుతున్నారు, ఇంటి పని ఎంతవరకు వచ్చింది అంటూ కబుర్లు పెట్టేవాడు. మాటల్లో పడి మనిషి వదులయ్యాక, అప్పుడు చటుక్కున కొలత తీసేసేవాడు. "నేను కుట్టేది ఇంటికెళ్లి అన్నం తినే మనిషికిరా, ఇక్కడ ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషికి కాదు" అనేవాడు. ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. అయినా పప్పులో కాలేశాను.

చేపల కొలతకు మా సంస్థలో ఒక పద్ధతి ఉండేది. ఒడ్డుకు చేరిన పడవల్ని లెక్కపెట్టి, చీటీలు వేసి ఒకటి తీయాలి. ఏ అంకె వస్తే ఆ పడవ దగ్గరికి నడవాలి. గంప బోర్లించి, ఒక పక్కనుంచి వరసగా యాభై చేపలు తీసి కొలవాలి. ఇది బాగుంది, ఇది బాగోలేదు అని కన్ను ఎంచకూడదు. నేను ఎక్కువగా కొలిచింది కానాగడతల్ని. వీపు మీద ఆకుపచ్చ చారలు, నిగనిగలాడే పొట్ట, గుంపులుగా వలలో పడే చేప. ఏళ్ల తరబడి కొలవగా కొలవగా, దాన్ని చేత్తో పట్టుకుంటేనే పొడవు చెప్పగలిగేవాణ్ణి. చెప్పి, తర్వాత బల్ల మీద పెట్టి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ ఒడ్డున చేపలమ్మే ఒకావిడ ఉండేది. ఇప్పటికీ ఉంది. భర్త వేటకు వెళ్తాడు. ఆయన తెచ్చిందీ, చుట్టుపక్కల పడవల్లో కొన్నదీ కలిపి అమ్ముతుంది. ఆవిడ గొంతెత్తితే యారాడ కొండ అవతలివాళ్లు కూడా ఉలిక్కిపడతారని ఆ పేటలో చెప్పుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తలొంచుకుని ఒక్కో చేపా కొలుచుకుంటుంటే నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు చూసింది.

"ఓయ్ సాయిబూ, సేపలు కొనవు, పట్టుకెల్లవు. ఏటి, ఆటికి సొక్కాలు కుడతావేటి?" అంది.

నేను దర్జీ కొడుకునని ఆవిడకు తెలియదు. నేను నవ్విన నవ్వుకు పెన్సిలు ఇసుకలో పడిపోయింది. ఆ రోజు నుంచి నేను ఆవిడకు "బాయ్"ని, అంటే భాయ్‌ని.

రిటైరవడానికి మూడున్నరేళ్ల ముందు నా కుడి మోకాలు మొరాయించింది. ఎక్స్‌రే తీసి, అరిగిపోయిందన్నారు డాక్టర్లు. అరిగిన మోకాలితో ఇసుకలో నడవడమంటే ఏమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది. రెండు పడవలు దాటేసరికి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆవిడ చూసి ఊరుకోలేదు.

"కూకో బాయ్. ఆ కాలేసుకుని ఎక్కడికెల్తావు? నీకు సేపలే కదా కావాలి, నాను తెచ్చి ఇత్తాను."

బోర్లించిన ఐసు పెట్టె మీద గోనె పరిచింది. పాత గొడుగొకటి ఇసుకలో పాతింది. గాజు గ్లాసుతో టీ ఇప్పించింది. నేను కూర్చున్నాను. యాభై చేపలు ఎవరి గంపలోవైతే ఏం, యాభై చేపలే కదా అనుకున్నాను. ఆ పూట నుంచి చీటీలు జేబులోనే ఉండిపోయాయి. పుస్తకంలో "చీటీ పద్ధతి పాటించబడినది" అన్న గడిలో మాత్రం టిక్కు పెడుతూనే ఉన్నాను. నా తప్పు ఇదీ. చివర్లో ఆవిడ మీదకు తోసేస్తానేమోనని మీరు అనుకోకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఆ తర్వాత ఏడాదికి మా దగ్గరికి ఒక అమ్మాయి డాక్టరేటు కోసం వచ్చింది. శ్రీకాకుళం వైపు పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మనిషి ఆమె ఒక్కతే. మొదటి వారం నన్ను "సార్" అంది, రెండో వారానికి "బాబాయ్" అంది, మూడో వారానికి మా ఆవిడ వంటకు వంక పెట్టేంత దగ్గరైంది. హాస్టల్ కూడు తినలేక ఆదివారాలు మా ఇంటికొచ్చేది. ఒకసారి చేపలు కొనడానికి నాతో ఒడ్డుకొచ్చి, చేపలావిడతో చాలాసేపు కబుర్లాడింది.

ఆమె చేసే పని నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఉపగ్రహాలు పైనుంచి సముద్రం రంగునూ వేడినీ చూస్తాయి. రంగును బట్టి నీళ్లలో చేపల మేత ఎంతుందో తెలుస్తుంది. ఆ లెక్కల్నీ, నా పుస్తకాల్లోని పొడవుల్నీ కలిపి కంప్యూటర్‌కు నేర్పిస్తే, ముందుముందు కానాగడతలు ఎలా ఉండబోతాయో అది చెబుతుందట. దానికోసం నా పుస్తకాలన్నీ, పొలుసులంటిన పేజీలతో సహా, ఒక్కో అంకె చూసి ఎక్కించింది. కళ్లు ఎర్రబడేవి. "మీ ఏడు అంకె ఒకటిలా ఉంటాది బాబాయ్" అని తిట్టేది.

అంత కష్టానికీ ఫలితం కనిపించింది. ఏళ్ల తరబడి కిందికి దిగుతూ వచ్చిన గీత, ఒకచోట మలుపు తిరిగి పైకి లేచింది. అంటే కానాగడతలు మళ్లీ పెద్దవవుతున్నాయన్నమాట. మా ఆఫీసరు ఆ గీతను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన సముద్రం గురించి చెడ్డ వార్తలే చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి. రుషికొండ దగ్గర త్వరలో ఒక సదస్సు ఉంది. చిన్న కన్ను వలల్ని ఆపాలా వద్దా అని మత్స్యకార పెద్దలూ అధికారులూ మాట్లాడుకునే సదస్సు. ఆ వలల్లో గుడ్లు పెట్టే వయసు రాని పిల్ల చేపలు కూడా పడిపోతాయి. చేపలు కోలుకుంటున్నాయని ఈ అమ్మాయి చెబితే, వలలు మార్చాల్సిన పనే లేదు. ఆ మాట అక్కడ చెప్పడం, తర్వాత అదే డాక్టరేటుకు రాసివ్వడం ఆమె పని. ఆఫీసరు ఆ శుభవార్తను అప్పటికే పైవాళ్ల చెవిన వేసేశాడు.

సదస్సుకు నాలుగు వారాలుందనగా ఆమె లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఈ ఒక్క చుక్క సూడండి. ఈ మూడేళ్లవీ అన్నీ పైనున్నాయి, ఇదొక్కటీ అడుక్కి పడిపోనాది. ఆ రోజు గాని స్కేలు తప్పు సదివీసేరా?"

నాకు ఒళ్లు మండింది. "దర్జీ కొడుకుని పట్టుకుని కొలత తప్పంటావా?"

"కోపమెందుకు? పోనీ ఆ చుక్క తీసేద్దామా?"

"తీయడానికి వీల్లేదు. ఒడ్డుకెళ్లి కనుక్కొస్తాను. నా కొలతలో తప్పు లేదని తేల్చి నీ ముందు పెడతాను" అన్నాను. పౌరుషం కొద్దీ అన్న మాట. నిజం కోసం వెళ్లానని గొప్పలు చెప్పుకోను.

పుస్తకం తిరగేస్తే ఆ పూట గుర్తొచ్చింది. కూతురి పురిటికని చేపలావిడ యారాడ వెళ్లింది. ఆ రోజు గంప ఇచ్చింది ఆవిడ తోటికోడలు. మర్నాడు ఒడ్డుకెళ్లి, ఐసు పెట్టె మీద కూర్చుని, టీ చేతికొచ్చాక అడిగాను.

"నువ్వు యారాడ వెళ్లినప్పుడు మీ తోటికోడలు ఇచ్చిన చేపలు మరీ చిన్నగా ఉన్నాయేం?"

చేప కోస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఓలమ్మ! దానికి సిగ్గుందా బాయ్? నాను మరీ మరీ సెప్పి ఎల్లేను. బాయికి గంపతో అలాగే పోసియ్యకే, సిన్నయి తీసీసి మంచియి ఎంచి ఇయ్యి అని. అయినా గంపకి గంప ఇచ్చీసిందేటి?"

టీ గ్లాసు పక్కన పెట్టాను. "ఎంచడమేమిటి? ఎప్పట్నుంచి ఎంచుతున్నావు?"

"నీ మోకాలు సెడిపోనకాడ్నుండి. నువ్వు తిరిగి కొలుసుకున్నన్నాళ్లూ నీ ఇష్టం. నా సేత్తో ఇచ్చినప్పుడు సిన్నయి ఎలాగిత్తాను? నా పరువేటవుద్ది?"

"మరి ఆ చిన్నవన్నీ ఏం చేశావు?"

"ఏటి సేత్తాను, ఎండబెట్టీసుకుంటన్నాను. అయిగో."

నా కాళ్లకు నాలుగడుగుల దూరంలో ఇసుక మీద పాత వల పరిచి ఉంది. దాని నిండా పిల్ల కానాగడతలు వెండి రేకుల్లా ఎండుతున్నాయి. మూడేళ్లకు పైగా వాటి పక్కనే కూర్చుని టీ తాగాను. చేపలు కొలవడానికి జీతం తీసుకునే మనిషిని, ఒక్కసారీ వాటి వైపు తిరిగి చూడలేదు.

ఆవిడ నా మొహం చూసి, నేను మెచ్చుకుంటున్నాననుకుందో ఏమో, ఇంకో మాట చెప్పింది. "ఆ పిల్లొచ్చినకాడ్నుండి ఇంకా సూసి సూసి ఇత్తన్నాను. ఈ సేపల మీదే తనకి డాక్టరు పట్టా ఇత్తారని సెప్పింది కదా. సిన్న సేపలు సూపిత్తే సిన్న డాక్టర్ని సేత్తారేమో, ఎవులికి తెలుసు?"

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏదీ పైకి రానివ్వకుండా టీ తాగేసి లేచొచ్చేశాను.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. అప్పటికి నేను రిటైరవడానికి ఇంకొన్ని నెలలే ఉన్నాయి. "అవును తల్లీ, ఆ చుక్క తప్పే, తీసెయ్" అని ఒక్క మాట అంటే చాలు. గీత పైకే పోతుంది, ఆఫీసరు సంతోషిస్తాడు, అమ్మాయి డాక్టరవుతుంది, నేను పూలదండ వేయించుకుని ఇంటికొచ్చేస్తాను. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. నాలుగు రోజులు ఆ మాట నాలుక చివర పెట్టుకుని తిరిగాను. కంచంలో అన్నం వదిలేస్తుంటే మా ఆవిడ నిలదీసింది. చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆదివారం ఆ పిల్ల భోజనానికొస్తుంది. ముందు తిననివ్వండి. ఖాళీ కడుపుతో వినే మాట కాదిది" అంది. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే ఆవిడకు రాలేదు. నేను సిగ్గుపడ్డాను.

ఆదివారం ఆ పిల్ల రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. చెయ్యి కడుక్కుని వచ్చాక చెప్పాను. చీటీల సంగతి, టిక్కుల సంగతి, ఎంచిన చేపల సంగతి, ఇసుక మీద ఎండుతున్న చేపల సంగతి, ఏదీ దాచలేదు. ఆమె లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని వింది. అంతా అయ్యాక అడిగింది.

"మీ మోకాలు ఏ నెల్లో పాడైంది బాబాయ్?"

మా ఆవిడ బీరువా తెరిచి ఎక్స్‌రే కవరు తెచ్చింది. దాని మీద నెల వేసి ఉంది. అమ్మాయి ఎక్స్‌రేని ఒక చేత్తో కిటికీ వెలుగుకు పట్టుకుని, రెండో చేత్తో లాప్‌టాప్ తెరిచింది. గీత మలుపు తిరిగిన నెలా, కవరు మీది నెలా ఒక్కటే.

"సముద్రం బాగుపడలేదు బాబాయ్. మీ మోకాలు పాడైంది. అంతే" అంది.

అని పకపకా నవ్వింది. మాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే మా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఎంత ఓర్చుకుని ఎక్కించిందో ఆ అంకెలన్నీ. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. సదస్సులో నా పేరు చెప్పేయమన్నాను, తప్పు నాదేనని రాసిస్తానన్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. హాస్టల్లో తినమని మా ఆవిడ సర్దిన కూర గిన్నె బల్ల మీదే ఉండిపోయింది. ప్రతి ఆదివారం అడిగి మరీ పట్టుకెళ్లేది. ఆ గిన్నెను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

సోమవారం ఆఫీసుకు రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం తెల్లవారుతుండగా మా తలుపు కొట్టింది. చంకలో కొలత బల్ల ఉంది.

"పదండి బాబాయ్. ఆవిడ ఎలాగెంచుతాదో నాను సూడాలి."

"ఆవిడ మీద కోప్పడకు తల్లీ."

"కోపం మీ మీదుంది. ఆవిడ మీద లేదు" అంది. ఆటోలో అటు తిరిగి కూర్చుంది గాని, దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని దింపింది.

ఒడ్డున ఆవిడకు సంగతి చెప్పేసరికి ఆవిడ మొహం మాడిపోయింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే నాను నీ సదువు పాడు సేసీసేనా పాపా?"

నేను కలగజేసుకుని మా నాన్న సంగతి చెప్పాను. టేపు చూడగానే పొట్ట లాక్కునే మనుషుల సంగతి, కబుర్లలో పెట్టి కొలత తీసే నాన్న సంగతి. "నువ్వు సముద్రం చేత ఊపిరి బిగబట్టించావు. నేను ఆ కొలతే రాసుకున్నాను" అన్నాను. ఆవిడ కొంగు నోటి మీంచి తీసింది.

"మరి మా సేపలు సిన్నయైపోనాయని గవుర్మెంటు పుస్తకంలో ఎక్కితే మాకు పరువేటి బాయ్?"

"ఎక్కకపోతే రేపు ఆ చిన్నవి కూడా ఉండవమ్మా" అంది అమ్మాయి. "గుడ్లు పెట్టకముందే వల్లో పడిపోతన్నాయి."

"అది నాకు తెలీదేటి? నా మొగుడికి తెలీదేటి?" ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "రోజూ సూత్తన్నాం. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని పక్కింటోలికి ఎలాగ సెప్పుకుంటాం? ఇదీ అంతే."

అమ్మాయి ఇసుకలో మఠం వేసుకుని కూర్చుని, కొలత బల్ల ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఎప్పట్లాగే ఎంచి ఇవ్వు. బాబాయికి ఎలాగిస్తావో అలాగే. ఎంచినవి కొలిచేక, మిగిలిన గంపంతా కొలుస్తాను."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆవిడ ఎంచింది. ఎంచుతుంటే చూడాలి ఆ చెయ్యి! ఒక్క క్షణం ఆగదు, తడుముకోదు. యాభై అయ్యాక కొలిచాం. తర్వాత గంపంతా కొలిచాం. రెండింటికీ ఎంత తేడా ఉందో అమ్మాయి రాసుకుంది. మర్నాడు ఇంకో పడవ, ఇంకో గంప. ఆ మర్నాడు ఇంకోటి. సదస్సు వరకు రోజూ అదే పని. గంప పెద్దదైనా చిన్నదైనా, ఎండైనా ముసురైనా, ఆవిడ ఎంచిన చేపకీ గంపలోని మామూలు చేపకీ మధ్య తేడా దాదాపు ఒక్కటే. నా బొటనవేలి వెడల్పంత.

"ఈ చెయ్యి కూడా ఒక పరికరమే బాబాయ్" అంది అమ్మాయి ఒక పొద్దున్న. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో వెలుగు చూశాను. "ఎంత ఎక్కువ చూపిస్తందో తెలిసిపోనాది. అంత తీసీసి లెక్కేసుకుంటే సరి. ఈ మూడేళ్లూ వృథా కాలేదు."

మా ల్యాబులో ఒక త్రాసు ఉండేది. వానాకాలం ఒక మాట, ఎండాకాలం ఒక మాట చెప్పేది. దానికి ఏటా పరీక్ష చేసి, బాగుందని కాగితం అంటించేవారు. ఆవిడ చేతికి ఏ కాగితమూ అంటించలేదు.

దిద్దిన గీత పైకి లేవలేదు. పాత గీత ఏ వాలున దిగుతోందో అదే వాలున దిగుతూ పోయింది. అడుక్కి పడిపోయిన ఆ ఒక్క చుక్క, తోటికోడలు ఎంచకుండా ఇచ్చిన గంప, సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది.

ఆఫీసరు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిజమేనా?" అని నన్నడిగాడు. నిజమేనన్నాను. తలుపు వేసి నన్ను అరగంట చీవాట్లు పెట్టాడు. మెమో ఇచ్చాడు. ఉద్యోగం మొత్తానికి అదే మొదటిది, చివరిదీ. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుందామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. తర్వాత ఆయన అమ్మాయిని పిలిచి, "సదస్సులో ఉన్నదున్నట్టు చెప్పమ్మా. ఎవరైనా గొడవ చేస్తే నేను పక్కనే ఉంటాను" అన్నాడు. పైవాళ్లకు శుభవార్త చెప్పేసిన మనిషి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలిసింది నాకు.

సదస్సు రోజు మా అమ్మాయి రెండు గీతలూ చూపించింది, తప్పుదీ సరైనదీ. నన్ను అడిగి, నా మోకాలి ఎక్స్‌రే కూడా తెర మీద పెద్దదిగా వేసింది. హాలంతా నవ్వింది. అంత పెద్ద మోకాలు నేనెప్పుడూ చూసుకోలేదు. ఒక అధికారి లేచి, "ఎవరో చేపలమ్మే ఆవిడ చేతిని నమ్మి ఇన్నేళ్ల లెక్క దిద్దేయడం న్యాయమేనా?" అని అడిగాడు. రెండో వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న ఆవిడ లేచి నిలబడింది. మైకు అక్కర్లేకపోయింది.

"నా సెయ్యి మీద నమ్మకం లేకపోతే గంప తెప్పించండి బాబూ. ఇక్కడే ఎంచుతాను, మీరే కొలుసుకోండి."

ఆ అధికారి నవ్వి కూర్చున్నాడు. వలల తగువు ఆ రోజు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు, సాగుతూనే ఉంది. కాకపోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర మత్స్యకార పెద్దలు పిల్ల చేపల మాట వాళ్లంతట వాళ్లే ఎత్తారు. అన్నేళ్లలో వాళ్ల నోట ఆ మాట పైకి రావడం నేను వినలేదు.

ఆ తర్వాత అమ్మాయి ఇంకో ఏడాది కష్టపడింది. చీటీ వేసి, పడవ దగ్గరికి నడిచి, గంప బోర్లించి కొలిచింది. నేను రిటైరైపోయాను. నా బదులు చేపలావిడ ఆమె పక్కన నడిచేది. చీటీ కూడా ఆవిడే తీసేదట. చిన్న చేప వస్తే, "ఇదిగో పాపా, ఇదీ రాసుకో" అని చేతికిచ్చేదట.

పోయిన నెల ఆ పిల్లకు డాక్టరేటు వచ్చింది. ఆదివారం భోజనానికి రమ్మని మా ఆవిడ కబురు పెట్టి, పొద్దున్నే నన్ను జాలరిపేట తరిమింది. చేపలావిడ అక్కడే ఉంది, అదే చోట. జుట్టు తెల్లబడింది గాని, గొంతు అలాగే ఉంది.

"ఏటి బాయ్, ఇన్నాళ్లకి? కొలవడానికా, తినడానికా?"

"తినడానికే. అమ్మాయి డాక్టరైంది."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "అయితే ఆగు" అంది.

రెండు గంపలు బోర్లించింది. ఈసారి ఆ చెయ్యి తొందరపడలేదు. ఒక్కొక్కటీ ఎత్తి, తిప్పి చూసి, పక్కన పెట్టింది. పది కానాగడతలు ఎంచింది. ఆ ఒడ్డున ఆ పూట అంతకంటే పెద్దవి లేవు. నేను రెండు గంపల్లోకీ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ కత్తిపీట ముందేసుకుంది. నేను ఆగమన్నాను. రిటైరైనప్పుడు అడిగి తెచ్చుకున్న పాత కొలత బల్ల అటక మీద ఉంది. దాన్ని దింపి, తుడిచి, పదింటిలోకీ పెద్దదాన్ని దాని మీద పడుకోబెట్టాను. తోక చివర ఏ గీత మీద ఆగిందో చూశాను.

ఆ అంకె నాకు తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పుస్తకం తెరిస్తే, పేజీ తర్వాత పేజీ అదే అంకె. అప్పుడది చీటీ తీసి, కళ్లు మూసుకుని పట్టుకున్నా చేతికొచ్చే మామూలు చేప పొడవు.

అమ్మాయి ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. బల్ల మీది గీతను చూసింది. ఆ పుస్తకం ఆమెకు నాకంటే బాగా తెలుసు. గోడకున్న క్యాలెండరు దగ్గరి పెన్సిలు తీసి నా చేతికిచ్చింది.

"రాయండి బాబాయ్. పక్కన ఏటి రాయాలో తెలుసు కదా?"

తెలుసు. క్యాలెండరులో ఆ రోజు గడిలో పొడవు వేశాను. ఏడు అంకె ఒకటిలా కనపడకుండా జాగ్రత్తగా వేశాను. దాని పక్కన "ఎంచి ఇచ్చినది" అని రాసి, చేపను మా ఆవిడకిచ్చేశాను.